పట్టా తర్వాతి గడప

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చినా, సిఫార్సు చెయ్యడానికి ఫ్యాక్టరీల్లో మనకి మేనమామలెవరూ లేరు. ఆ లోటు కొంతైనా తీర్చింది ప్రభుత్వ రంగమే. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రుల్ని అందులోకి తెచ్చారు. శిక్షణ స్థానాల్లో ఎస్సీ, ఎస్టీల రిజర్వేషన్ కూడా ఆ సవరణతోనే వచ్చింది. స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. ఇంటికి నాలుగు రూపాయలు పంపాల్సిన వాడికి అదెంత ఆసరానో మనకి తెలుసు.

1967లో పుట్టిన ఈసీఐఎల్, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, విశాఖ ఉక్కు - వీటిని ఉత్పత్తి లెక్కలతోనే కొలుస్తారు. మేము క్వార్టర్లతో కూడా కొలుస్తాం. బయట అద్దిల్లు అడిగితే ముందు కులం అడుగుతారు. క్వార్టరు ఇచ్చేటప్పుడు చూసేది గ్రేడు, సర్వీసు. కొత్త ఇంజనీరు రాత్రి నిశ్చింతగా నిద్రపోయి పొద్దున షిఫ్టుకి పోవడం చిన్న సంగతా?

వివక్ష లేదని కాదు. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే కలం ఎక్కువగా పై కులాల చేతిలోనే ఉండేది. అయినా నిలదీయడానికి రోస్టరు రిజిస్టరుండేది, మొర పెట్టుకోవడానికి లైజాన్ ఆఫీసరుండేవాడు. ఈ ఆదరణ ఏ మేనేజరు మంచితనమూ కాదు, పోరాడి రాయించుకున్న రూలు.

2021 జనవరిలో విశాఖ ఉక్కుని పూర్తిగా అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కొన్నవాడు రోస్టరు పాటించాలనే చట్టం మాత్రం లేదు.