పావురాళ్ళకొండ మీది నీటి తొట్లు

భీమిలిలో చదువుకున్నవారికి పావురాళ్ళకొండను పరిచయం చేయనక్కర్లేదు. ఊరికి పడమట ఉన్న ఈ కొండెక్కితే సముద్రం, గోస్తనీ నది కడలిలో కలిసేచోటు, కింద ఊరి ఇళ్లు కనిపిస్తాయి. దీనికే పావురాళ్ళబోడు అనే పేరుంది. నరసింహస్వామి వెలసిన కొండ కనుక నరసింహస్వామి కొండ అని కూడా అంటాం. ఒక పేరులో పక్షులున్నాయి, ఒక పేరులో దేవుడున్నాడు. ఈ కొండ మీద ఒకప్పుడు మనుషుల్ని బతికించిన నీరు మాత్రం ఏ పేరులోనూ లేదు.

మన ఊరి చరిత్ర అనగానే 17వ శతాబ్దంలో వచ్చిన డచ్చివారు, వారి సమాధులు, 1861లో ఏర్పడిన మున్సిపాలిటీ గుర్తొస్తాయి. డచ్చివారికి దాదాపు రెండు వేల ఏళ్ల ముందే, క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఈ కొండపై బౌద్ధ భిక్షువులు నివాసం ఏర్పరచుకున్నారు. కొన్ని వందల ఏళ్లు ఉన్నారు. వాన నీరు పట్టడానికి రాతిలో తొలిపించిన 16 తొట్లు వారి ఆనవాళ్లు.

భిక్షువులకు భోజనం భిక్షాటనతో దొరికేది. అందుకే ఊరికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా ఉన్న కొండ వారికి అనువైనది. అన్నం ఊరు పెడుతుంది కానీ, కొండ మీదికి రోజూ నీళ్లు ఎవరు మోస్తారు? వానాకాలం మూడు నెలలూ ఒకేచోట ఉండాలన్నది వారి నియమం. దాన్నే వర్షావాసం అంటారు. తొట్లు నిండేదీ ఆ కాలంలోనే. అలా నిండిన నీరే తర్వాతి ఎండలకు ఆధారం.

విశాఖ వెళ్లే దారిలో ఉన్న మరో రెండు బౌద్ధ క్షేత్రాల పేర్లు చూడండి: బావికొండ, తొట్లకొండ. బావికొండలో 1982 నుంచి తవ్వకాలు జరిగాయి. తొట్లకొండ సంగతి నౌకాదళ స్థావరం కోసం సర్వే చేస్తుండగా బయటపడింది. కానీ కొండల మీద నీటి గుంటలున్నాయని చుట్టుపక్కల పల్లెలవారు ఆ పేర్లలో ఎప్పుడో చెప్పేశారు. పలుగూ పారా పట్టకముందే దొరికిన శాసనాలవి. మన కొండకు అలాంటి పేరు దక్కలేదు కనుక ఆ మాట మనమే చెప్పాలి.

ఇప్పుడు కొండకు వెళ్లేది ఎక్కువగా దైవదర్శనానికీ, నడకకూ, సముద్రం చూడడానికీ. వెళ్లడం మంచిదే. నీళ్ల సీసాలు అక్కడ పడేసి రావడం, రాళ్ల మీద పేర్లు చెక్కడం మాత్రం తగదు. తొట్టిలో చెత్త పేరుకుంటే అది చూసేవారికి మామూలు గుంటే అవుతుంది.

స్వర్ణోత్సవ సంవత్సరంలో ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల్ని ఒకసారి ఆ తొట్ల దగ్గరకు తీసుకెళ్లండి. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన తీరంలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల రాతివాలు మీద ఎన్ని లీటర్లు పడతాయో వాళ్లనే లెక్క కట్టమనండి. లక్ష అని తేలాక, మన బడి డాబా మీద పడే వాన ఎటు పోతోందని వాళ్లే అడుగుతారు.