డాలుపై పట్టెలు - అంచులు



మన సంఘములు తమకు ముద్రికలను, ధ్వజములను గల్పించుకొనుచున్న యీ దినములలో, 12వ శతాబ్దమున ఐరోపాయందు వ్యాపించిన డాలుచిహ్నముల పరిభాష మనకు నెఱుగదగినది.

డాలునడుమ అడ్డముగా సాగు పట్టెకు ‘ఫెస్’ అని పేరు. కట్టు అను నర్థముగల లాటిను శబ్దము దీనికి మూలము. నిలువుపట్టె ‘పేల్’, ఇది గుంజ అను నర్థముగల శబ్దమునుండి పుట్టెను. ఏటవాలుపట్టె ‘బెండ్’. కుడియెడమలు డాలు ధరించినవానివి. కావున వాని కుడిభుజమున మొదలైన బెండు చూపరుల యెడమనుండి దిగినట్లు కానవచ్చును. ఇంటివాసములవలె గూడినది ‘షెవ్రాన్’.

చుట్టునుండు అంచు ‘బోర్డ్యూర్’. స్కాట్లండున దీని ప్రయోజనము గొప్పది. అచ్చట చిహ్నము ఇంటిపేరుగల వారందఱి సొత్తు గాదు, ఒక్క వ్యక్తిది. జ్యేష్ఠుడు పితృచిహ్నమును యథాతథముగా బొందును. కనిష్ఠులు సాధారణముగా దానికొక యంచు చేర్చి, లయన్ కోర్టను న్యాయస్థానమున నమోదు చేయించి ధరింతురు. అంచుయొక్క వర్ణముచేతను, వంకరలచేతను శాఖాభేదము తెలియును. 1672వ సంవత్సరపు శాసనముచే నేర్పడిన యా పట్టిక నేటికిని సాగుచున్నది. రాజచిహ్నమున సింహముచుట్టు నుండు పూలరేఖల జంటకు ‘ట్రెషర్’ అని పేరు. రాజానుమతి లేక యన్యులు దానిని దాల్పరాదు.

ఆ సన్నని యంచు “నేను ఈ వంశమువాడనే, పెద్దను మాత్రము గాను” అని పలుకును. బాంధవ్యమును జాటుచు నధికారమును మీఱకుండుట యందలి మర్యాద. బిరుదములు గోరు మనమును ముందుగా నీ మర్యాదను గ్రహింతుము గాక.