నిజామాబాద్ ఆకాశవాణి @ 103.2

నిజామాబాద్: జిల్లా శ్రోతలకు 103.2 మెగాహెర్ట్జ్‌పై కార్యక్రమాలు వినిపించే ప్రభుత్వ రేడియో కేంద్రం నిజామాబాద్ ఆకాశవాణి.

నేపథ్యం: నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో 1935లో ప్రసారాలు ఆరంభించిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి పరమైంది. అనంతరం ఈ ప్రాంతవాసులకు చాలాకాలం హైదరాబాద్ కేంద్రమే దిక్కయింది. జిల్లాల అవసరాలకు వేరుగా కేంద్రాలు ఉండాలన్న తలంపుతో ఆకాశవాణి 1984లో నాగర్‌కోయిల్‌లో తొలి స్థానిక రేడియోను నెలకొల్పింది. ఆ బాటలోనే నిజామాబాద్ కేంద్రం వెలసింది.

పనితీరు: ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు సరళరేఖలో పయనిస్తాయి. అందువల్ల పరిధి పరిమితం, అయితే ధ్వనిలో స్పష్టత అధికం. ప్రసార స్తంభం ఎత్తును బట్టి, నేల ఎత్తుపల్లాలను బట్టి వినికిడి మారుతుంది.

ప్రాధాన్యం: 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడటంతో చెరకు రైతులు ప్రత్యామ్నాయాలు వెదకవలసి వచ్చింది. రాష్ట్రమంతటికీ ఒకే సలహా చెప్పే ప్రసారం ఇటువంటి వేళ చాలదు. ఇక్కడి నేలకు, నీటికి తగిన మాట చెప్పగలగడమే స్థానిక కేంద్రం బలం.