1807 నాటి కరపత్రం: సాక్ష్యానికీ దూషణకూ మధ్య

ఉపోద్ఘాతం

వాక్ స్వాతంత్ర్యం ప్రస్తావన వచ్చినప్పుడు మనం సాధారణంగా మనకు జరిగిన అన్యాయాలతోనే మొదలుపెడతాం. ఆగిపోయిన కూటాలు, చించివేసిన కరపత్రాలు, సేవకులపై పెట్టిన కేసులు గుర్తుకు వస్తాయి. అవి నిజమే. అయితే ఈ దేశంలో సువార్త ముద్రణకు ఒకప్పుడు వచ్చిన పెద్ద ప్రమాదం శత్రువుల వల్ల రాలేదు. అది మన సొంత అచ్చుయంత్రం నుండే వచ్చింది. ఆ సంఘటన 1807లో శ్రీరాంపూర్‌లో జరిగింది. మనలో అనేకులు పొందిన బి.డి. పట్టాపై ఆ ఊరి పేరే ఉంది. కనుక ఆ చరిత్ర పరాయివారిది కాదు.

1805 ఒడంబడిక

విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ 1800లో డేనిష్ పాలనలో ఉన్న శ్రీరాంపూర్‌లో మిషను కేంద్రాన్నీ ముద్రణాలయాన్నీ నెలకొల్పారు. బ్రిటిష్ కంపెనీ భూభాగంలో మిషనరీలకు అనుమతి దొరకని కాలమది. 1805లో ఈ సహోదరులు తమ పనికి నియమాలు రాసుకొని ఒక ఒడంబడిక చేసుకున్నారు. ఏడాదిలో మూడుసార్లు దానిని బహిరంగంగా చదవాలని తీర్మానించుకున్నారు. ప్రజల దేవతల పాపాలను కటువుగా ఎత్తిచూపి వారిపై దాడి చేయకూడదనీ, విగ్రహాల జోలికి పోకూడదనీ, వారి ఆరాధనకు అడ్డురాకూడదనీ అందులో ఉంది. ఇది ఏ ప్రభుత్వమూ పెట్టిన ఆంక్ష కాదు. ప్రజల హృదయాలు గెలవాలనుకున్నవారు తమ నాలుకకు తామే వేసుకున్న కళ్లెం.

1807లో ఏమి జరిగింది?

1806 జులైలో వేలూరు కోటలో సిపాయిలు తిరుగుబాటు చేశారు. కొత్త తలపాగా, బొట్టు, గడ్డం విషయాలలో సైన్యాధికారులు పెట్టిన నియమాలు దానికి ముఖ్య కారణం. అయినా ఇంగ్లండులో కొందరు ఆ నిందను మిషనరీలపై మోపారు. కలకత్తాలోని ప్రభుత్వం భయపడి మిషనరీల పనిని తగ్గించుకోమన్నది.

అటువంటి సమయంలో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి ముస్లింలను ఉద్దేశించిన ఒక పర్షియన్ కరపత్రం వెలువడింది. అందులో మహమ్మదు ప్రవక్తను దూషించే మాటలు ఉన్నాయి. ప్రభుత్వం కేరీని పిలిచి సంజాయిషీ అడిగింది. పర్షియన్‌లోకి అనువదించిన మున్షీ, ఇస్లాం నుండి క్రైస్తవంలోకి వచ్చినవాడు, ఆ మాటలు తానుగా చేర్చాడనీ, అవి తమకు తెలియకుండానే అచ్చయ్యాయనీ మిషనరీలు వివరించారు. విచారం తెలిపి, మిగిలిన ప్రతులను అప్పగించారు.

అయినా గవర్నర్ జనరల్ లార్డ్ మింటో ప్రభుత్వం ముద్రణాలయాన్ని కలకత్తాకు తరలించాలని ఆజ్ఞాపించింది. కలకత్తాలో స్థానికులకు వారి భాషల్లో చేసే బోధను కూడా అడ్డుకున్నది. డేనిష్ గవర్నర్ క్రెఫ్టింగ్ మిషనరీల పక్షాన నిలిచారు. కేరీ, మార్ష్‌మన్ స్వయంగా వెళ్లి మింటోను కలిశారు, వినయంతో ఒక విజ్ఞాపన సమర్పించారు. చివరకు తరలింపు ఆజ్ఞ రద్దయింది. కానీ ప్రచురణలను ఇకపై ప్రభుత్వ పరిశీలనకు పంపాలన్న షరతు మిగిలింది. అజాగ్రత్తగా వదిలిన కొన్ని మాటలకు ముద్రణ స్వేచ్ఛలో ఒక భాగం మూల్యంగా పోయింది.

మున్షీపై నింద మోపి మనం ఇక్కడితో ముగించలేము. ఒడంబడిక వారిదే, అచ్చుయంత్రం వారిదే. తమ పేరుతో వెళ్లే మాటను చదవకుండా పంపడమే అక్కడి లోపం. ఇతర మతాన్ని విడిచి వచ్చిన విశ్వాసి తన పాత మతాన్ని తిడుతుంటే సాక్ష్యమని చప్పట్లు కొట్టే సంఘాలు ఈనాడూ ఉన్నాయి. అతని గాయాన్ని మనం అర్థం చేసుకోవాలి. అయితే అతని మాటకు వేదిక ఇచ్చిన కాపరి ఆ మాటకు జవాబుదారి.

తెలుగు సువార్తలు

ఈ సంగతికీ మనకూ నేరుగా సంబంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ సేవకులు జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో తెలుగు అనువాదం ఆరంభించారు. క్రాన్ 1809లో, దే గ్రాంజ్ 1810లో చనిపోయారు. వారి శ్రమ ఫలమైన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. ఐదేళ్ల క్రితం ఆ కరపత్రం ప్రమాదంలో పడేసిన ముద్రణాలయం అదే. మన చేతికి రావలసిన వాక్యాన్ని మనవారి దూషణే అడ్డుకొని ఉండేది.

నొప్పించిన ప్రతి మాటా దూషణేనా?

కాదు. ఇదే కేరీ సతీసహగమనానికి వ్యతిరేకంగా దశాబ్దాలపాటు మాట్లాడారు. ఆ మాటలు ఎందరినో నొప్పించాయి. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. కలకత్తా పరిసరాలలో ఎందరు స్త్రీలు దహనమయ్యారో మనుషులను పెట్టి లెక్క తీయించారు, శాస్త్రాలు ఏమంటున్నాయో పండితులను అడిగించారు. 1829 డిసెంబరులో సతిని నిషేధించిన శాసనాన్ని బెంగాలీలోకి అనువదించినది కూడా ఆయనే.

రెండు మాటలూ నొప్పించాయి. ఒకటి మనిషి ప్రాణం కోసం ఆధారాలతో పలికినది. రెండవది ఎదుటివాడిని అవమానించడం తప్ప మరే పనీ చేయనిది. కులవివక్ష గురించి మనం మాట్లాడితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకుంటారని మానుకుంటే అది ప్రేమ కాదు, పిరికితనం.

చట్టం వచ్చిన దారి

దూషణను చట్టంతో ఆపగలమా? లాహోరులో 1924లో ‘రంగీలా రసూల్’ అనే కరపత్రం వెలువడింది. అది ప్రవక్త వ్యక్తిగత జీవితాన్ని ఎగతాళి చేసింది. ప్రచురణకర్త రాజ్‌పాల్‌కు కింది కోర్టు శిక్ష వేసింది. 1927లో హైకోర్టు న్యాయమూర్తి దలీప్ సింగ్ ఆ రచన ధోరణిని తప్పుపట్టారు. కానీ గతించిన మతనాయకునిపై విమర్శకు 153ఎ సెక్షను వర్తించదని నిందితుణ్ణి విడుదల చేశారు. ఆ న్యాయమూర్తి క్రైస్తవుడు. తీర్పుపై పెద్ద ఆందోళన చెలరేగింది. అదే ఏడాది శిక్షాస్మృతిలో 295ఎ సెక్షను చేర్చారు. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను అవమానించడం నేరమైంది.

అయితే చట్టం వచ్చినా 1929లో రాజ్‌పాల్ కత్తిపోట్లకు బలయ్యాడు. చంపిన యువకుణ్ణి అదే ఏడాది ఉరితీశారు. కరపత్రం ఎంత నీచమైనదైనా హత్యకు అది సమాధానం కాదు. ఆ రక్తానికి కత్తి పట్టినవాడే బాధ్యుడు.

1957లో సుప్రీంకోర్టు 295ఎ రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుండి అదే నిబంధన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షనుగా కొనసాగుతోంది. మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. వీధిలో సువార్త చెప్పే సేవకునికి కూడా ఆ సెక్షను వర్తిస్తుందని మరువరాదు.

2006: మన వంతు

2006లో ‘ది డావిన్సీ కోడ్’ చిత్రం వచ్చింది. అది క్రీస్తును గూర్చి కల్పించిన కథ మనలను గాయపరచింది. సెన్సారు బోర్డు అనుమతించిన తరువాత కూడా క్రైస్తవ సంస్థలు కోరగా అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని నిషేధించింది. జూన్‌లో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఆనాడు వినతిపత్రంపై సంతకం చేసిన పాస్టర్లలో నేనొకణ్ణి. సినిమా నేను చూడలేదు. మా యౌవనస్థులు మాత్రం నన్ను ప్రశ్నలు అడిగారు: నాలుగు సువార్తలే ఎందుకు? నీకయ సభలో ఏమి జరిగింది? సంతకం పెట్టినంత త్వరగా నేను వాటికి జవాబు చెప్పలేకపోయాను. నిషేధం నా చేతకానితనాన్ని కొన్నాళ్లు దాచింది, అంతే.

మనకు నచ్చని మాటను నోరు మూయించమని ప్రభుత్వాన్ని అడిగినప్పుడు, మన మాట ఇతరులకు నచ్చనప్పుడు అదే ప్రభుత్వం ఏమి చేయాలో కూడా మనమే నేర్పుతున్నాము.

ముగింపు

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణం అల్లరితో నిండిపోయింది. చేతులతో చేసినవి దేవుళ్లు కావని పౌలు బోధించాడని దేమేత్రి ఫిర్యాదు (19:26). ఆ బోధ నిజంగానే కంసాలులను నొప్పించింది. అయినా వీరు మన దేవతను దూషించినవారు కారని అన్యుడైన కరణమే జనసమూహం ముందు సాక్ష్యమిచ్చాడు (19:37). పౌలు సత్యాన్ని దాచలేదు, తిట్టనూ లేదు.

మన మైకునుండీ మన ముద్రణాలయంనుండీ వెళ్లే ప్రతి మాటకూ ఈ రెండు వచనాలను కలిపి పరీక్షగా పెట్టుకుందాం. మనలను దూషించేవారికి సెక్షనుతో గాక సమాధానంతో ఎదురువెళ్దాం. 1805లో వ్రాసుకున్నదానిని 1807లో చదివి ఉంటే ఆ సహోదరులు కేరీని సంజాయిషీకి పంపవలసి వచ్చేది కాదు.