పంటిపోటుకు తొలి సాయం: గోదావరి డెల్టాలో మూడు దశల చరిత్ర

గోదావరి డెల్టాలో పంటిపోటుకు తొలి వైద్యం చాలాకాలం ఇంట్లోనే జరిగింది. దంతవైద్యం చదివిన డాక్టరు జిల్లా కేంద్రాల్లో సైతం అరుదుగా దొరికే రోజులవి. అర్ధరాత్రి పన్ను సలిపితే లవంగం, ఉప్పు, పటిక, వేపపుల్లలే దిక్కు. వాటితో తగ్గకపోతే పన్ను పీకేవాడి దగ్గరికి వెళ్లేవారు. పన్నును పీకకుండా నిలుపుకోవచ్చన్న ఆలోచన సామాన్యుల దాకా వచ్చింది ఇటీవలి దశాబ్దాల్లోనే. నొప్పిని అణచడం, పన్నును తీసేయడం, పన్నును కాపాడడం అనే ఈ మూడు దశలే ఈ ప్రాంతపు దంత ప్రథమచికిత్స చరిత్ర. ఒక దశ రాగానే ముందుది పూర్తిగా పోలేదు. మూడూ ఇప్పటికీ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో కనిపిస్తాయి.

పంటి పురుగు నమ్మకం

పిప్పిపన్నుకు కారణం పురుగేనని పల్లెల్లో తరతరాలుగా నమ్మారు. ఈ నమ్మకం తెలుగునేలకే పరిమితం కాదు. మెసపొటేమియా మట్టిపలకల మీద పంటి పురుగు ప్రస్తావన ఉంది. సుశ్రుత సంహిత దంతరోగాల్లో క్రిమిదంతకాన్ని ఒకటిగా లెక్కించింది. ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ 1728లో అచ్చయిన తన గ్రంథంలో పురుగు వాదాన్ని తోసిపుచ్చాడు. పళ్ల సందుల్లో మిగిలిన పిండిపదార్థాలను, తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయని, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుందని 1890లో దంతవైద్యుడు మిల్లర్ వివరించాడు.

పురుగును రాల్చడానికి నాటువైద్యులు వాకుడు గింజల పొగ పట్టించేవారు. ఎండిన గింజలను నిప్పుల మీద వేసి, లేచిన పొగను గొట్టం ద్వారా నొప్పి ఉన్న పంటికి తగలనిచ్చేవారు. నోట్లో ఊరిన నీటిని పళ్లెంలోకి వదిలిస్తే అందులో తెల్లటి నలుసులు తేలేవి. వాటినే పురుగులని చూపేవారు. యూరప్‌లో ఖురాసాని వాము గింజలతో ఇదే వైద్యం చేశారు. వేడికి గింజ పగిలినప్పుడు బయటపడే మొలకభాగమే అక్కడ పురుగుగా చెలామణి అయింది. పొగ వల్ల కాసేపు తిమ్మిరెక్కి నొప్పి తగ్గినట్లు అనిపించడంతో ఈ పద్ధతికి పేరు నిలిచింది.

పై పన్ను పీకిస్తే కంటిచూపు మందగిస్తుందన్న భయమూ అంతే పాతది. పై దవడ పన్ను కదులుతున్నా పెరకవద్దని, పెరికితే రక్తం ఎక్కువగా పోయి చూపు పోవడం, మూతి వంకర పోవడం వంటివి కలగవచ్చని సుశ్రుతుడు హెచ్చరించాడు. కుట్లూ సూక్ష్మజీవినాశకాలూ లేని కాలంలో ఆ జాగ్రత్తకు అర్థముంది. చూపునిచ్చే నాడి వేరు, పై పళ్లకు వచ్చే నాడి వేరు కాబట్టి పన్ను తీసినంత మాత్రాన చూపు దెబ్బతినదు. పై పంటి చీమును పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం అరుదుగా అది కంటి చుట్టూ పాకుతుంది. భయపడవలసింది పన్ను తీయించడానికి కాదు, ఆలస్యానికి.

ఇంటి మందులు

ఇంటి మందుల్లో పరీక్షకు నిలిచింది లవంగం. అది డెల్టాలో పండదు, సముద్రం దాటి రావాలి. డచ్చివారు రాకముందే తెలుగువారికి లవంగం తెలుసు. 17వ శతాబ్దంలో దాని వ్యాపారం డచ్చివారి గుప్పిట్లోకి పోయింది. మొలుక్కా దీవుల్లో లవంగాలు కొనడానికి డచ్చి కంపెనీకి కోరమండల్ నేతబట్టలు కావలసి వచ్చాయి. మచిలీపట్నంతో పాటు పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, కాకినాడలోని జగన్నాథపురం ఆ వ్యాపారానికి స్థావరాలయ్యాయి. 1825లో ఇంగ్లీషువారికి అప్పగించే దాకా పాలకొల్లులో డచ్చివారి ఉనికి కొనసాగింది.

లవంగంలోని యూజినాల్ నాడిని కాసేపు మొద్దుబారుస్తుంది. జింక్ ఆక్సైడ్‌తో యూజినాల్ కలిపిన ముద్దను దంతవైద్యులు నేటికీ తాత్కాలికంగా పిప్పి పూడ్చడానికి వాడుతున్నారు. అయితే లవంగ నూనెను దూదికొనకు కొద్దిగా అద్ది పిప్పిలోనే ఉంచాలి. చిగురు మీద ఒలికితే మంట పుట్టి పుండు పడుతుంది. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం కూడా పాత పద్ధతే. పంటి సందులో ఇరుక్కున్నది తొలగడానికి, చిగురు వాపు కొంత తీయడానికి వైద్యులు ఇప్పటికీ దాన్ని సూచిస్తారు. పటిక నీళ్లు, తుమ్మబెరడు కషాయం, జామాకు నమలడం చిగుళ్లను బిగించే వగరు మందులు. వాటితో ఉపశమనమే తప్ప పిప్పి ఆగదు.

మేలు కన్నా కీడు ఎక్కువ చేసిన మందులూ ఉన్నాయి. జిల్లేడు పాలు పిప్పిలో పోస్తే చిగురు కాలేది. దవడ వాచినప్పుడు ఉప్పుమూటతోనో వేడి ఇటుకతోనో కాపడం పెడితే చీము లోతుకు, చర్మం వైపుకు పాకే ప్రమాదం ఉండేది. అందుకే వాపుకు బుగ్గ మీద బయటి నుంచి చల్లటి గుడ్డ పెట్టాలని నేటి వైద్యం చెబుతుంది. సలుపుతున్న పంటి దగ్గర పొగాకు కాడ దాచుకోవడం మరో అలవాటు. గోదావరి లంకల్లో చుట్టలకు పనికొచ్చే లంక పొగాకు సమృద్ధిగా పండుతుంది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమండ్రిలోనే ఏర్పడింది. పొగాకు ఇచ్చిన కాసేపటి తిమ్మిరి నొప్పి తగ్గాక కూడా వదలని వ్యసనమై, నోటి క్యాన్సరు దాకా తీసుకుపోయింది.

చక్కెర వచ్చిన తరువాత

పళ్లు తోముకోవడానికి వేప, కానుగ, ఉత్తరేణి పందుంపుల్లలు, పిడకల కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి వాడిన ప్రాంతమిది. వీటిలో బొగ్గు, కచ్చిక పంటి పైపొరను అరగదీస్తాయి. మెత్తగా నమిలిన పుల్ల పళ్లను బాగానే శుభ్రం చేస్తుంది. ఆ అలవాట్లకు ఎదురైన పెద్ద పరీక్ష చక్కెర. చెరకు ఇక్కడ పాత పంటే. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ రాజమండ్రి సర్కారులో చెరకు సాగును, బెల్లం తయారీని వివరంగా రాశాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువ నీరు అందాక డెల్టా వ్యవసాయం రూపు మారింది. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ ఏర్పడింది. కాజాలు, పూతరేకులు పండగల నుంచి రోజువారీ అంగళ్లకు చేరాయి.

తీపి ఎంత తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారు, అది పళ్లకు ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవే పిప్పికి ముఖ్య కారణాలని 1940ల్లో స్వీడన్‌లోని విపెహోల్మ్‌లో మొదలైన అధ్యయనం తేల్చింది. భోజనంతో పాటు తిన్న బెల్లం కన్నా పూటపూటకూ మధ్య నమిలే మిఠాయి పళ్లకు ఎక్కువ చేటు.

పన్ను పీకేవారు

ఇంటి మందు పనిచేయనప్పుడు పన్ను పీకించుకోవడం రెండో మెట్టు. కదిలే పన్నుకు దారం కట్టి ఇంట్లోనే లాగేవారు. గట్టి పన్నైతే నాటువైద్యులు, క్షురక వృత్తిలోని వైద్యులు పట్టకారుతో తీసేవారు. కురుపులు కోయడం, కట్లు కట్టడం వంటి చిన్న శస్త్రచికిత్సలు తెలుగు పల్లెల్లో ఆ వృత్తివారి చేతిలోనే ఉండేవి. సంతల్లో, తీర్థాల్లో దారి పక్కన కూర్చుని పళ్లు పీకేవారు, కట్టుడు పళ్లు అమ్మేవారు కనిపించేవారు. మత్తు లేదు, పరికరం మరిగించడం లేదు. పన్ను సగానికి విరిగి వేరు లోపలే మిగిలితే నొప్పికి చీము తోడయ్యేది. రక్తం ఆగకపోతే పసుపో కాఫీపొడో అద్దేవారు.

1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టంతో తాలూకాల్లో లోకల్ ఫండ్ ఆసుపత్రులకు దారి ఏర్పడింది. మిషనరీ వైద్యం అదే కాలంలో విస్తరించింది. అంతకు ముందే, 1836లో దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు నరసాపురం చేరి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. తరువాతి కాలంలో అక్కడ ఆసుపత్రి వెలిసింది. పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టుల ఆసుపత్రి డాక్టర్ జెస్సీ ఆలిన్ పేరుతో, రాజమండ్రిలో లూథరన్ ఆసుపత్రి డాక్టర్ లిడియా వోర్నర్ పేరుతో ముడిపడి ఉన్నాయి. వీరెవరూ దంతవైద్యులు కారు. అయినా దవడ వాచి వచ్చినవారికి చీము తీయడం, పన్ను తీయడం ఇలాంటి ఆసుపత్రుల్లోనే జరిగేది.

నొప్పి లేకుండా పన్ను తీయడం అప్పటికి ప్రపంచానికే కొత్త. అమెరికాలో హొరేస్ వెల్స్ 1844లో నైట్రస్ ఆక్సైడ్‌ను, విలియం మార్టన్ 1846లో ఈథర్‌ను వాడారు. దవడకు సూదితో మత్తు ఇవ్వడం 1880ల్లో కొకైన్‌తో మొదలై, 1905లో నోవొకేన్‌తో సురక్షితమైంది. నేడు ప్రతి దంతవైద్యుడూ వాడే లిగ్నొకేన్ 1940ల్లో వచ్చింది.

దేశంలో తొలి దంతవైద్య కళాశాలను రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో నెలకొల్పారు. మద్రాసులో దంతవైద్య విద్య 1953లో, హైదరాబాదులో 1959లో మొదలయ్యాయి. 1948 నాటి దంతవైద్యుల చట్టం రిజిస్టరును రెండు భాగాలు చేసింది. పట్టా ఉన్నవారు ‘ఎ’ భాగంలో, పట్టా లేకున్నా అయిదేళ్లకు తక్కువ కాకుండా ఈ వృత్తితోనే బతుకుతున్నవారు ‘బి’ భాగంలో చేరారు. వంశపారంపర్యంగా పళ్లు కట్టేవారికీ, నగరాల్లో స్థిరపడిన చైనా దంతవైద్యులకూ చట్టబద్ధంగా కొనసాగే దారి అలా దొరికింది.

ఈ లోగా ఇంటి అలమరలోకి కంపెనీ మందులు వచ్చాయి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం తలనొప్పి మందైనా వాచిన బుగ్గకూ రాసేవారు. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్‌ను దూదితో పంటికి అద్దేవారు. ఆస్పిరిన్ బిళ్లను మింగకుండా చిగురు మీద పెట్టుకునే అలవాటు కూడా పాకింది. అది చిగురును కాలుస్తుంది. నొప్పి తగ్గించే బిళ్లను నీళ్లతో మింగడమే సరైన పద్ధతి.

చీముకు విరుగుడు

పంటి చీము గొంతు కిందికి పాకితే ఊపిరాడక మనిషి చనిపోయే రోజులు 20వ శతాబ్దం మధ్య దాకా ఉన్నాయి. ఆ భయాన్ని తగ్గించినవి సూక్ష్మజీవినాశకాలు. వాటిలో ఒక శాఖకు ఈ డెల్టాతో చుట్టరికముంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే మందుల కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ మందులను గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇస్తే ఏర్పడుతున్న పళ్లు శాశ్వతంగా రంగు మారతాయని తరువాత తేలింది. అదే కుటుంబంలోని డాక్సిసైక్లిన్‌ను, ఊడిన పన్నును తిరిగి అమర్చిన తరువాత వాడే మందుగా అంతర్జాతీయ మార్గదర్శకాలు చాలాకాలం సూచించాయి.

పన్నును కాపాడే దశ

భీమవరంలోనే 2002లో విష్ణు దంతవైద్య కళాశాల ఏర్పడింది. రాజమండ్రి పరిసరాల్లో జి.ఎస్.ఎల్., లెనోరా, అమలాపురంలో కిమ్స్ దంతవైద్య కళాశాలలు వచ్చాయి. పంటి వేరుకు చికిత్స చేసి పన్నును నిలపడం పల్లెవాసులకూ అందుబాటులోకి వచ్చింది. దానితో ప్రథమచికిత్స అర్థం మారింది. పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం ఇక్కడి ఆచారం. దెబ్బ తగిలి ఊడిన శాశ్వత దంతాన్నీ పనికిరానిదిగానే పారేసేవారు. దాన్ని తిరిగి అదే కన్నంలో నిలపవచ్చని ఇప్పుడు తెలుసు.

ఊడిన పన్నును పైభాగం పట్టుకునే తీయాలి. వేరును ముట్టకూడదు, రుద్దకూడదు. మట్టి అంటితే పాలతోనో శుభ్రమైన నీటితోనో క్షణాల్లో కడగాలి. మనిషి స్పృహలో ఉంటే కన్నంలో సరిగా పెట్టి, మెత్తటి గుడ్డ కొరికించి దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కుదరకపోతే చల్లటి పాలలో వేసి తీసుకెళ్లాలి. అరగంటలోపు చేరితే పన్ను నిలిచే అవకాశం బాగుంటుంది, గంట దాటితే బాగా తగ్గుతుంది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు. కింద మొలిచే పన్ను దెబ్బతింటుంది.

కొబ్బరితోటల కోనసీమకు దగ్గరి ప్రశ్న ఒకటి ఇక్కడ తలెత్తింది. ఊడిన పన్నును దాచడానికి కొబ్బరినీళ్లు పనికొస్తాయని 2008లో చెన్నై పరిశోధకులు ప్రకటించారు. వాటి ఆమ్లగుణం వల్ల పాలే మెరుగని తరువాతి పరీక్షల్లో కొన్ని తేల్చాయి. అందువల్ల పాలు దొరికినచోట పాలనే వాడాలి.

పన్ను తీయించుకున్నాక రక్తం కారితే శుభ్రమైన దూదినో గుడ్డనో మడిచి అరగంట గట్టిగా కొరికి ఉంచాలి. ఆ రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. పసుపూ కాఫీపొడీ అక్కర్లేదు. పన్ను విరిగితే ముక్కను పాలలో వేసి తీసుకెళ్తే చాలాసార్లు తిరిగి అతికించవచ్చు. దవడ కింద వాపు, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, జ్వరం కనిపిస్తే ఇంటి మందుకు తావులేదు. 2005 నుంచి నడుస్తున్న 108 వాహనాన్ని పిలిచి పెద్దాసుపత్రికి చేర్చాలి.

లవంగం, ఉప్పునీరు ఈ నేల మీద ఎన్నో రాత్రులు గడిపించిన మంచి మందులే. అవి నొప్పిని అణచగలవు కానీ చీమును ఎండబెట్టలేవు. నొప్పి తగ్గిన పిప్పిపన్నుకు కూడా దంతవైద్యుడి చికిత్స తప్పదు.