మామునూరు: రెక్కలు ముడుచుకున్న నేల

మా ఉరవకొండ వైపు వానమబ్బు కోసం తలెత్తి చూడటమే అలవాటు గాని, విమానం కోసం చూడటం తక్కువ. 1990లో అప్పటి మా అనంతపురం జిల్లాలోనే పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టువారు విమానాశ్రయం కట్టించినా, అది మా నిత్యజీవితంలోకి దిగిరాలేదు. అందుకే వరంగల్లు పక్కనున్న మామునూరు కథ నన్ను ఆకర్షించింది. అక్కడ విమానం వచ్చింది, వెళ్ళిపోయింది, నేల మాత్రం మిగిలింది.

మామునూరు విమానాశ్రయం 1930లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఏర్పడింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు వరంగల్లులో ఆజంజాహీ బట్టల మిల్లు వెలసింది. రైలు కూడలిగా కాజీపేట, పరిశ్రమల పట్టణంగా వరంగల్లు, వీటికి తోడు విమానం: సంస్థానం తనను తాను ఆధునికంగా చూసుకున్న తీరు ఇందులో కనిపిస్తుంది. 1945లో నిజాం రైల్వే ప్రధాన భాగస్వామిగా బేగంపేట కేంద్రంగా దక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. 1953లో విమానయానం జాతీయమయినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. సంస్థానం పోయాక మామునూరును ప్రత్యేకంగా పట్టించుకునే రాజధాని లేకుండా పోయింది. 1981లో ఆ విమానాశ్రయం మూతపడింది.

మూతపడ్డ విమానాశ్రయాన్ని తెరవడం రన్‌వేను బాగుచేసినంత సులభం కాదు. 2004 డిసెంబరులో శంషాబాదు విమానాశ్రయం కోసం కుదిరిన ఒప్పందంలో, 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయం రాకుండా 25 ఏళ్ళ రక్షణ ఉంది. మామునూరు సరిగ్గా ఆ గిరి అంచులోపల పడింది. 2008 మార్చిలో శంషాబాదు తెరుచుకుంది, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగాయి. ఒక విమానాశ్రయం పుట్టుక, ఒకదాన్ని మూసి, మరొకదాన్ని లేవనివ్వకుండా చేసింది.

ఆ ముడి విప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. శంషాబాదు నిర్వాహకులు అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు అభివృద్ధికి ఆమోదం తెలిపింది. ఆ శాఖకు అప్పుడు మంత్రి శ్రీకాకుళానికి చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు కావలసివచ్చాయి. భూసేకరణకు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులోనే 205 కోట్ల రూపాయలు కేటాయించింది.

అసలు చరిత్ర ఈ 253 ఎకరాల దగ్గర మొదలవుతుందని నా అభిప్రాయం. నిజాం నాటి నేల ప్రభుత్వం చేతిలోనే ఉంది. అదనపు భూమి మాత్రం రైతులది. పరిహారం మార్కెట్టు ధరకు తగినట్టు ఉండాలని, తమ ఊళ్ళకు దారి పోకూడదని చుట్టుపక్కల గ్రామాలవారు 2025లో ఆందోళనకు దిగారు. ఇది అభివృద్ధికి అడ్డుపడటం కాదు. విమానం ఎక్కే వాడికి అరగంట కలిసివస్తుంది, పొలం ఇచ్చే వాడికి బతుకే మారిపోతుంది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

మామునూరు నేర్పే పాఠం నాకు ఒకటే కనిపిస్తోంది. పాలకుడి అవసరం మీద నిలిచిన విమానాశ్రయం పాలకుడితోనే పోతుంది. ప్రయాణికులూ సరుకులూ రోజూ వచ్చే చోట మాత్రమే రన్‌వే మీద గడ్డి మొలవదు. రెండోసారి రెక్కలు తొడిగేముందు ఈ లెక్క, రైతు లెక్క, రెండూ తేలాలి. మెట్టనేల విలువ తెలిసిన మా ప్రాంతంవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.