పుచ్చకాయ: గింజతో మొదలై...

వేసవిలో పుచ్చకాయ కొనేవాళ్లు ముందు అడిగేది ఎరుపు. బండి దగ్గర కాయకు మూడు గాట్లు పెట్టి, ముక్క పైకి లాగి చూపిస్తే గానీ బేరం తెగదు. ఈ ఎరుపు పిచ్చి ఎందాకా పోయిందంటే, రంగు ఎక్కించిన కాయల్ని పట్టుకోవడానికి కోసిన ముక్క మీద దూది రుద్ది చూడమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఏకంగా ఒక వీడియో చేసి పెట్టాల్సి వచ్చింది. దూది ఎర్రబడితే ఎరిత్రోసిన్ అనే రంగు కలిపారని అర్థం. నిజానికి మనిషి ఈ కాయను చేరదీసింది ఎరుపు చూసి కాదు, తీపికి ఆశపడీ కాదు. మొదట గింజల కోసం, ఆ తర్వాత నీళ్ల కోసం.

లిబియాలో, సహారా ఎడారి నడుమ, ఊవాన్ ముహుగ్గియాగ్ అనే చోట దాదాపు 6,000 ఏళ్ల నాటి గింజలు దొరికాయి. పుచ్చజాతి గింజలే. 2022లో వాటి జన్యుక్రమాన్ని చదివితే, ఆ కాయల గుజ్జు నోట పెట్టలేనంత చేదుగా ఉండేదని తేలింది. అంటే అప్పటివాళ్లు గుజ్జు పారేసి గింజలు తినేవారన్నమాట. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. నైజీరియాలో ఎగూసీ పులుసు ఇప్పటికీ ఆ బాపతు గింజలతోనే కాస్తారు. హైదరాబాదీ వంటల్లో గ్రేవీ చిక్కబడటానికి నూరి వేసే చార్ మగజ్‌లోనూ పుచ్చపప్పు ఉంటుంది. ఇక చేదు సంగతంటారా, మన ఇసుక నేలల్లో దానంతట అదే పాకే చేదుపుచ్చ ఈ కుటుంబంలోదే. దాన్ని విరేచనాల మందుగా వాడారే తప్ప పండుగా ఎవరూ తినలేదు.

మరి తియ్యటి పుచ్చ సొంతూరు ఏది? చాలాకాలం అందరూ దక్షిణాఫ్రికా అనే చెప్పారు. దాని వెనక ఒక ఎండుటాకుల కథ ఉంది. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు కార్ల్ పీటర్ థున్‌బర్గ్ 1773లో కేప్‌టౌన్ దగ్గర ఒక తీగ సేకరించి, ఎండబెట్టి, కాగితానికి అంటించి భద్రపరిచాడు. 1930లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఎల్.హెచ్. బెయిలీ అదీ మనం తినే పుచ్చా ఒకటేనని రాశాడు. పెద్దాయన రాశాడు కాబట్టి పుస్తకాలన్నీ ఆ దారే పట్టాయి. మ్యూనిక్‌లో పరిశోధకులు గియోమ్ షోమికి, సుసానే రెన్నర్ ఆ పాత ఆకులోంచి డీఎన్‌ఏ తీసి 2015లో అసలు సంగతి బయటపెట్టారు. థున్‌బర్గ్ తీగ పుచ్చ కానే కాదు, దాని దూరపు చుట్టం. అసలు దగ్గరి బంధువు సూడాన్‌లోని కోర్డోఫాన్ ప్రాంతపు కాయ అని 2021లో రెన్నర్ బృందమే తేల్చింది. దాని గుజ్జు తెలుపు. చేదు లేదు, చెప్పుకోదగ్గ తీపీ లేదు. నోరు తడుపుతుంది, అంతే.

ఆ తడుపుడే దాని విలువ. కలహారి ఎడారిలో అడవి పుచ్చల గురించి డేవిడ్ లివింగ్‌స్టన్ తన 1857 నాటి పుస్తకంలో రాశాడు. వాన కాస్త ఎక్కువ పడిన ఏడు అక్కడి నేలంతా కాయలతో నిండిపోతుందట. మనుషులు, ఏనుగులు, ఖడ్గమృగాలు అందరికీ అదే పండగ. చిక్కల్లా ఒక్కటే, ఒకే చోట కాసిన వాటిలో కొన్ని తియ్యగా, కొన్ని చేదుగా ఉంటాయి. పైకి తేడా తెలియదు. అందుకని అక్కడివాళ్లు ఒక్కో కాయకు గొడ్డలితో గాటు పెట్టి నాలుక ఆనించి చూసేవారట. మన బండి దగ్గరి గాటుకు ముత్తాత అనుకోవచ్చు, కాకపోతే వాళ్లు వెతికింది రంగును కాదు. ఇలాంటి దళసరి తొక్క కాయలు నీడన పెడితే వారాలు, ఒక్కోసారి నెలలు పాడవకుండా ఉంటాయి. చెరువూ బావీ లేనిచోట అంతకన్నా నమ్మకమైన నీటి నిల్వ ఇంకేముంటుంది?

ఈజిప్టువాళ్లు దీన్ని సమాధుల్లోనూ పెట్టారు. సుమారు 4,360 ఏళ్ల నాటి సమాధి చిత్రం ఒకదానిలో పళ్లెంలో చారలున్న కోలకాయ కనిపిస్తుంది. టూటన్‌ఖామన్ సమాధిలో పుచ్చగింజలు దొరికాయి. పరలోక ప్రయాణం దూరం కదా, దారిలో దాహం వేస్తుందని పెట్టి ఉంటారని ఇజ్రాయెల్ పరిశోధకుడు హ్యారీ పారిస్ ఊహ. నాకైతే ఈ ఊహ నచ్చింది. పోయినవాళ్ల నోట్లో నీళ్లు పోయకుండా సాగనంపని మనకు అది వింతగా తోచదు. మరో సమాధిలో దొరికిన 3,500 ఏళ్ల నాటి ఆకు జన్యువులను చదివితే, ఆ కాయ చేదు వదిలేసి లోపల ఎర్రబడటం కూడా మొదలుపెట్టిందని తెలిసింది.

అయినా ఎరుపు ఒక్కసారిగా స్థిరపడలేదు. క్రీ.శ. 425 ప్రాంతపు ఒక మొజాయిక్‌లో గుజ్జు పసుపూ నారింజా కలిసిన రంగులో ఉంది. 17వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు జొవాన్ని స్టాంకీ గీసిన కాయలో తెల్లటి సుడుల మధ్య అక్కడక్కడా ఎరుపు కనిపిస్తుంది. అది చూపించి, ఆనాటి పుచ్చలన్నీ అలాగే ఉండేవని ఇంటర్నెట్‌లో తెగ తిప్పుతుంటారు. తొందరపాటు మాట. అంతకు మూడు వందల ఏళ్ల ముందటి ఇటలీ వైద్యగ్రంథాల బొమ్మల్లోనే ఎర్రటి గుజ్జు ఉంది. స్టాంకీకి దొరికింది సరిగ్గా పండని కాయేమో.

వైద్యులకు మాత్రం రంగుతో పని లేకపోయింది. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డియాస్కొరిడీస్ వడదెబ్బ తగిలిన పిల్లల తల మీద తడి పుచ్చతొక్క వేయమన్నాడు. ఇప్పటి లెక్క చూస్తే 100 గ్రాముల ముక్కలో 91 గ్రాములకు పైగా నీళ్లే, 6 గ్రాముల చక్కెర. కీరదోసలో నీళ్లు ఇంకాస్త ఎక్కువ, 95 గ్రాములు. మన ఒంటికి రోజూ అందే నీటిలో దాదాపు అయిదో వంతు తిండి నుంచే వస్తుంది కాబట్టి ఇవి తక్కువేం కాదు. అయితే పుచ్చలో సోడియం లేనట్టే. ఎండలో పనిచేసి చెమటతో ఉప్పు పోగొట్టుకున్నవారికి ఉత్త పుచ్చముక్క చాలదు. ముక్క మీద ఉప్పూ మిరియాలపొడీ చల్లే అలవాటు రుచి కోసమే పుట్టి ఉండొచ్చు గానీ, పనికొచ్చే అలవాటే.

7వ శతాబ్దం నాటికి భారతదేశంలో, 10వ శతాబ్దం నాటికి చైనాలో పుచ్చ సాగులో ఉంది. ఇవాళ ప్రపంచపు పంటలో సగానికి మించి చైనాదే. మన దగ్గర ఏరు సన్నబడ్డాక ఇసుకలో గుంతలు తీసి, పశువుల ఎరువు వేసి పాదులు పెట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల డ్రిప్పూ, మల్చింగ్ షీటూ వచ్చాయి. రకాలూ మారాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క మాణిక్‌లో సగం వంశం అమెరికన్ రకం క్రిమ్సన్ స్వీట్‌దే.

అన్నిటికన్నా పెద్ద మార్పు జపాన్‌లో జరిగింది. గింజలేని పుచ్చ కోసం శాస్త్రవేత్త హితోషి కిహారా 1939లో పని మొదలుపెట్టి 1951లో ఫలితాలు ప్రచురించాడు. మామూలు పుచ్చలో క్రోమోజోములు 22. కాల్చిసిన్ అనే మందుతో వాటిని 44 చేసి, ఆ మొక్కను మామూలుదానితో సంకరం చేస్తే 33 క్రోమోజోముల సంతానం వస్తుంది. 33ని రెండుగా పంచడం కుదరదు, అందుకే గింజ కట్టదు. లోపల కనిపించే తెల్లటి పలుకులు ఉత్త పొట్టు. ఏ గింజ కోసం సహారాలో చేదు కాయలు పగలగొట్టారో, ఆ గింజనే ఇలా వదిలించుకున్నాం. పూర్తిగా మాత్రం కాదు. 33 క్రోమోజోముల మొక్క పుప్పొడి పనికిరాదు, పుప్పొడి పడకపోతే పిందె నిలవదు. అందుకని గింజలేని పుచ్చ వేసే రైతు అదే చేలో నడుమ నడుమ గింజలున్న రకాన్నీ పెట్టుకోవాలి.